పాసైతే చాలు

మా కృష్ణా జిల్లాలో ఎవరింటికెళ్ళినా మంచినీళ్ళతో పాటే వచ్చే ప్రశ్న ఒకటుంది. "ఎన్నొచ్చాయి?" పదో తరగతి పిల్లలకైతే మార్కులు, ఇంటరైతే ర్యాంకు. బందరైనా, గుడివాడైనా, అవనిగడ్డైనా ఇదే. ఆరువందలకి ఐదువందల ఎనభై తెచ్చుకున్నవాణ్ణి కూడా "ఆ ఇరవై ఎక్కడ పోయాయిరా?" అని నిలదీసే ఊళ్ళు మావి. అలాంటి చోట ఒక రకం పిల్లల దగ్గరికొచ్చేసరికి మాత్రం లెక్క మారిపోతుంది. వాళ్ళని ఎన్నొచ్చాయని ఎవరూ అడగరు. తల నిమిరి, "పాసైతే చాలమ్మా" అంటారు.

ఆ మాటలో ద్వేషం లేదు. నిజానికి చాలా ప్రేమ ఉంది. అందుకే దానితో పోట్లాడటం కష్టం. నేనీ మాట మొదటిసారి విన్నది మా తమ్ముడి గురించి.

మాది దివిసీమలో నాగాయలంక దగ్గర. తమ్ముడికి పుట్టుకతోనే వినికిడి తక్కువ. కుడి చెవి దాదాపు పనిచెయ్యదు. ఎడమ చెవికి మిషన్ పెడితే ఎదుటి మనిషి మాట సగం చెవి ద్వారా, సగం పెదాల ద్వారా అందుతుంది. పెదాలు చదవడం అంటే సినిమాల్లో చూపించినంత సులువు కాదు. బడి, మడి, పడి... అద్దం ముందు నిలబడి గొంతు రాకుండా ఈ మూడూ అని చూడండి. మూడింటికీ పెదాలు ఒకేలా కలిసి విడిపోతాయి. ఏ మాట అన్నారో చుట్టూ ఉన్న సంగతుల్ని బట్టి పోల్చుకోవాలి. కొత్త పాఠంలో ఆ చుట్టూ ఉన్న సంగతులు కూడా కొత్తవే. ఇక టీచరు బోర్డువైపు తిరిగి రాస్తూ చెప్పినప్పుడు వాడికి కనిపించేది వీపు మాత్రమే. మిషన్ కూడా మన చెవిలాగా కావలసిన శబ్దాన్ని ఏరుకోదు. తలమీద ఫ్యాను చప్పుడు, పక్క గదిలో ఎక్కాలు, బయట ట్రాక్టరు, అన్నిటినీ కలిపి పెద్దది చేసి చెవిలో పోస్తుంది. పైగా మా సముద్రపు గాలికి, చెమటకి తడి చేరి మొరాయిస్తుంది. దానికి వేసే బటన్ బ్యాటరీలు మా ఊళ్ళో దొరికేవి కాదు, బెజవాడ వెళ్ళినవాళ్ళు తెచ్చిపెట్టాలి. బ్యాటరీ అయిపోయి కొత్తది వచ్చేదాకా వాడు బళ్ళో కూర్చునేవాడు, అంతే.

ఎనిమిదో తరగతి దాకా వాడు చదివిన బడి పేరు ఇక్కడ అనవసరం. అలాంటి బళ్ళు చాలా ఉన్నాయి. ఆ టీచర్లు మంచివాళ్ళు, ఒక్కరోజు కూడా వాణ్ణి కసురుకోలేదు. వాడి నోటుపుస్తకాలు అమ్మ ఇప్పటికీ ట్రంకుపెట్టెలో దాచింది. సైన్సు నోట్సులో ఒకచోట కిరణజన్య సంయోగక్రియ గురించి నాలుగు లైన్లు రాసి, మధ్యలో ఖాళీ వదిలి, కింద శ్వాసక్రియ సమాధానంలో సగం రాసేశాడు. పక్కనున్నవాడి పుస్తకంలో చూసి ఎక్కించుకుంటూ పేజీ తప్పినట్టున్నాడు. దాని కింద టిక్కు, పక్కన "గుడ్". పేజీ తిప్పితే మళ్ళీ "గుడ్". మూడేళ్ళ పుస్తకాల్లో ఒక్క తప్పు మార్కు లేదు. అంత తెలివైనవాడు దివిసీమలో ఇంకెవరూ ఉండి ఉండరు!

తొమ్మిదో తరగతికి నాన్న వాణ్ణి గుడివాడలో మా పిన్ని వాళ్ళింట్లో పెట్టారు. అక్కడ ఒక మాస్టారి దగ్గర లెక్కల ట్యూషన్. ఆయనకి ప్రత్యేక విద్యలో శిక్షణ ఏమీ లేదు. మొదటి వారం టెస్టు పెట్టి వాడికి వందకి ముప్పై ఒకటి వేశారు. ప్రతి తప్పు కిందా గీత గీసి, "ఈ మెట్టు ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని రాశారు. వాడు ఆ పేపరు పట్టుకుని ఇంటికొచ్చి నాకు చూపించిన తీరు నేను మర్చిపోలేను. "అక్కా, మాస్టారు నన్ను తిట్టారు" అన్నాడు. మొహం వెలిగిపోతోంది. అప్పటిదాకా వాడు రాసింది చివరిదాకా చదివినవాళ్ళు ఎవరూ లేరు మరి.

ఆ మాస్టారు లెక్కని ఏమాత్రం తేలిక చెయ్యలేదు. మార్చినవి వేరే. వాణ్ణి ఫ్యాను కింద నుంచి లేపి, ఎడమ చెవి తనవైపు ఉండేలా కుడి పక్క ముందు బెంచీలో కూర్చోబెట్టారు. రాసేటప్పుడు మాట్లాడటం మానేశారు. రాయడం అయ్యాక ఇటు తిరిగి చెప్పేవారు. ఆ రోజు పాఠంలో రాబోయే కొత్త మాటలు ముందే బోర్డు మూల రాసిపెట్టేవారు. వాణ్ణి "అర్థమైందా?" అని అడగడం మానేసి, "నేనేం చెప్పానో చెప్పు" అనేవారు. అర్థమైందా అంటే ఎవరైనా తలూపుతారు. వినపడని పిల్లలైతే మరీను, పుట్టినప్పట్నుంచీ తలూపడమే సాధన చేసి ఉంటారు. ఇవేవీ పైసా ఖర్చు లేని పనులు. మిగతా ఇరవైమందికీ వీటివల్ల నష్టం జరగలేదు, పైగా వాళ్ళ నోట్సులు కూడా బాగుపడ్డాయని పిన్ని అనేది. పదో తరగతి వచ్చేసరికి తమ్ముడు డెబ్భైల్లోకి వచ్చాడు. మొదటి ర్యాంకేమీ కాదు. కానీ ఆ డెబ్భై వాడివి.

ఇదంతా చెప్పింది ఒక మంచి మాస్టారిని పొగడటానికి కాదు. సాయం రెండు రకాలని నాకు అర్థమైంది అక్కడే. మా ఎదురుమొండి దీవుల వాళ్ళకి ఏరు దాటడానికి పంటు కావాలి. పంటు ఎక్కించడం ఒక సాయం. "నువ్వు అవతలికి వెళ్ళకపోయినా ఫర్వాలేదులే" అనడం ఇంకో రకం. బళ్ళో రెండిటినీ కలిపి "మినహాయింపులు" అనే ఒక్క మాటతో పిలుస్తాం. ఇబ్బందంతా అక్కడే ఉంది.

పదో తరగతిలో బడివాళ్ళు నాన్నని పిలిచి, "మీవాడికి భాషల్లో మినహాయింపు ఉందండి. తెలుగు రాస్తే చాలు, ఇంగ్లిషు, హిందీ రాయక్కర్లేదు. సంతకం పెట్టండి" అన్నారు. వాళ్ళు దాన్ని శుభవార్తలాగే చెప్పారు. నాన్న కూడా శుభవార్తగానే విన్నారు. వాడు అక్కడే ఉన్నాడు, వాణ్ణి ఎవరూ అడగలేదు. ఆ మాట వాడి చెవిదాకా వెళ్ళలేదు కూడా. వాడు పాసయ్యాడు, పాలిటెక్నిక్‌లో సివిల్ సీటొచ్చింది. అక్కడ పుస్తకాలన్నీ ఇంగ్లిషులో. వినపడనివాడికి పుస్తకమే అసలు టీచరు, ఆ టీచరు మాట్లాడే భాషే వాడికి రాదు. మూడేళ్ళ డిప్లొమా ఐదేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళు ఎక్కడ పోయాయని అడిగితే వాడి చెవిని చూపిస్తారు అందరూ. నాకు ఆ సంతకం కనిపిస్తుంది.

ఆ మినహాయింపు ఎవరో హెడ్మాస్టరు బుర్రలో పుట్టింది కాదు. అది చట్టంలో ఉంది. వికలాంగుల కోసం మన దేశంలో వచ్చిన మొదటి సమగ్ర చట్టం 1995 నాటిది. సమాన అవకాశాలు, హక్కుల రక్షణ అని పేరులోనే పెట్టుకున్న చట్టం అది. దాంట్లో 30వ సెక్షను చదివి నేను కాసేపు అలా ఉండిపోయాను. చూపులేని, చూపు తక్కువున్న విద్యార్థుల కోసం పరీక్షల్లో పూర్తిగా గణితానికి సంబంధించిన ప్రశ్నలు తీసేసేలా మార్పులు చెయ్యాలని ఉంది. వినికిడి లోపం ఉన్న విద్యార్థులు ఒకే భాష చదువుకునేలా పాఠ్యక్రమం మార్చాలని ఉంది. అంటే చూడలేనివాళ్ళకి లెక్కలు వద్దు, వినలేనివాళ్ళకి భాషలు వద్దు. ఎవరికి ఏది కష్టమో అది తీసేస్తే న్యాయం చేసినట్టే అన్నది ఆనాటి ఆలోచన. దాన్ని రాసినవాళ్ళు కూడా మా టీచర్లలాగే మంచివాళ్ళై ఉంటారు.

ఆ ఆలోచనని ఎదిరించిన కుర్రాడు మాకు కూతవేటు దూరంవాడే. బందరు దగ్గర సీతారామపురంలో రైతు కుటుంబంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా. పుట్టుకతోనే చూపు లేదు. ఊళ్ళో బడికి వెళ్తే వెనక బెంచీలో కూర్చోబెట్టారు. తర్వాత హైదరాబాద్‌లో అంధుల పాఠశాలలో చదివాడు. పదో తరగతి మంచి మార్కులతో పాసై ఇంటర్లో సైన్సు గ్రూపు అడిగితే, చూపులేనివాళ్ళకి అది కుదరదు, ఆర్ట్స్ తీసుకోమన్నారు. ఒక టీచరు అండతో కోర్టుకెళ్ళాడు. ఆరు నెలలకి తీర్పు అతనివైపు వచ్చింది. పాఠాలు ఆడియోలో విని చదివి, ఇంటర్లో 98 శాతం తెచ్చుకున్నాడు. ఇక్కడ ఐఐటీ కోచింగ్‌లో చోటు దొరకని ఆ కుర్రాడికి అమెరికాలో ఎంఐటీలో సీటు దొరికింది. 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ మొదలుపెట్టాడు. 2024 మేలో రాజ్‌కుమార్ రావ్‌తో హిందీ సినిమా కూడా వచ్చింది.

ఈ కథ చెప్పేటప్పుడు అందరూ 98 దగ్గర ఆగుతారు. నేను కోర్టు దగ్గర ఆగుతాను. అతను కోర్టుని మార్కులు అడగలేదు, పాస్ మార్కు తగ్గించమనీ అడగలేదు. ఫిజిక్స్‌లో తప్పే అవకాశం కూడా అందరికీ ఇచ్చినట్టే తనకీ ఇవ్వమన్నాడు. ఒకవేళ అతనికి 45 వచ్చి ఉంటే ఆ తీర్పు తప్పయ్యేదా? సైన్సు గ్రూపు తీసుకుని 45 తెచ్చుకున్న చూపున్న పిల్లలు బందర్లో వీధికి పదిమంది దొరుకుతారు. వాళ్ళని ఎవరూ ముందే ఆపలేదు.

సినిమా వచ్చిన నెలలో మా ఇంటికి వచ్చినవాళ్ళందరూ తమ్ముడికి అదే కథ చెప్పారు. "చూశావా, మన బందరు కుర్రాడేనంట. చూపు లేకపోయినా ఎంఐటీ. నీకు చూపు ఉందిగా!" వాడు అన్నిటికీ తలూపాడు. వాళ్ళు వెళ్ళాక నాతో అన్నాడు, "నిన్నటిదాకా పాసైతే చాలన్నారు. ఇవాళ ఎంఐటీ అంటున్నారు. మధ్యలో ఏమీ లేదా అక్కా?"

ఆ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. మామూలు పిల్లలకి ఆ మధ్యంతా ఉంది. అరవై రావొచ్చు, ఒక సబ్జెక్టు పోయి సప్లిమెంటరీ రాయొచ్చు, లెక్కలు పడకపోతే కామర్సు తీసుకోవచ్చు. మా తమ్ముడిలాంటి పిల్లలకి జాలి ఉంది, లేకపోతే సన్మానం ఉంది. మామూలుగా ఉండే వీలు లేదు. రెండిటిలోనూ ఎదురుగా ఉన్న ఈ ఫలానా పిల్లాడు ఏం చెయ్యగలడో చూసే పని తప్పించుకుంటాం.

ఈ తికమక మనదొక్కళ్ళదే కాదు. అమెరికాలో ఏమీ రౌలీ అని వినికిడి లోపమున్న చిన్న పిల్ల ఉండేది. క్లాసులో సంజ్ఞా భాష తెలిసిన సహాయకుణ్ణి పెట్టమని తల్లిదండ్రులు అడిగారు. బడి కాదంది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1982లో కోర్టు చెప్పిన సారాంశం ఏమిటంటే, పిల్ల తరగతి తర్వాత తరగతి బాగానే పాసవుతోంది కాబట్టి అదనంగా ఇంకేమీ ఇవ్వక్కర్లేదు. ఆమె ఇంకా ఎంత నేర్చుకోగలిగేదన్నది చట్టానికి అవసరం లేదట. అచ్చంగా మన "పాసైతే చాలు", కాకపోతే ఇంగ్లిషులో. ఆ పిల్ల తర్వాత సంజ్ఞా భాష బోధించే ప్రొఫెసరయ్యింది. 2017లో ఆటిజమ్ ఉన్న ఎండ్రూ అనే కుర్రాడి కేసులో అదే కోర్టు ఏకగ్రీవంగా ఇంకో మాట చెప్పింది. ఏదో నామమాత్రపు ప్రగతి ఉంటే చాలదు, ఆ పిల్లవాడి పరిస్థితికి తగినట్టు గట్టి లక్ష్యమే ఉండాలంది. ఆ రెండు తీర్పులకీ మధ్య ముప్ఫై ఐదేళ్ళు పట్టింది.

మన దగ్గరా చట్టం కదిలింది. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాని 7 నుంచి 21కి పెంచింది. లెక్కల ప్రశ్నలు తీసెయ్యాలన్న మాట అందులో లేదు. అదనపు సమయం, సహాయకుడితో రాయించుకునే వీలు ఉన్నాయి. గంటకి 20 నిమిషాల చొప్పున, మూడు గంటల పరీక్షకి గంట ఎక్కువ. ఇవన్నీ పంటు లాంటివి, పిల్లల్ని అవతలికి చేర్చేవి. రెండో, మూడో భాష నుంచి మినహాయింపు మాత్రం కొత్త చట్టంలోనూ నిలిచింది. దాన్ని ఎత్తెయ్యమని నేననను. పుట్టుచెవుడుతో, సంజ్ఞా భాషే మొదటి భాషగా పెరిగిన పిల్లకి తెలుగే రెండో భాష. ఆ పైన ఇంకో రెండంటే నిజంగా భారమే. అక్కడ ఆ మినహాయింపు ఊపిరాడనిస్తుంది. మా తమ్ముడి విషయంలో అదే ఒక తలుపు మూసింది. రెండు రకాల పిల్లలకీ ఫారం ఒకటే, సంతకం పెట్టే గీత ఒకటే.

అందరూ అదే లెక్క చెయ్యాలనీ నేననటం లేదు. మేధోవైకల్యం ఉన్న పిల్లల లక్ష్యాలు వేరుగానే ఉంటాయి. బస్సు బోర్డు చదవడం, కొట్లో చిల్లర సరిచూసుకోవడం, తన పేరు తను రాసుకోవడం. మండలాల్లో ఉన్న భవిత కేంద్రాల్లో ఇలాంటివి ఓపిగ్గా నేర్పే టీచర్లని నేను చూశాను. వాళ్ళ దగ్గర కూడా మంచి టీచరు ఎవరో ఒక్క గుర్తుతో తెలిసిపోతుంది. "మొన్న పదిదాకా లెక్కపెట్టింది, ఈ నెలాఖరుకి ఇరవై" అని తేదీతో సహా చెప్తారు. లక్ష్యం చిన్నదైనా ఫర్వాలేదు. అది ఉండాలి, దాన్ని ఎవరో ఒకరు సరిచూడాలి.

మా దివిసీమలో ఒక తమాషా ఉంది. అవనిగడ్డ డీఎస్సీ కోచింగ్‌కి పేరుమోసిన ఊరు. రాష్ట్రం నలుమూలల నుంచీ టీచరు కావాలనుకునేవాళ్ళు వచ్చి హాస్టళ్ళలో, అద్దె గదుల్లో ఉండి చదువుతారు. సిలబస్‌లో "విద్యా దృక్పథాలు" అని ఒక భాగం, అందులో సమ్మిళిత విద్య ఉంటుంది. మా పెదనాన్నగారి అమ్మాయి అక్కడే చదువుతోంది. మొన్న సంక్రాంతికి కలిసినప్పుడు అడిగాను.

"సమ్మిళిత విద్య అంటే ఏంటే?"

గుక్క తిప్పుకోకుండా నిర్వచనం, చట్టం, సంవత్సరం, సెక్షను చెప్పేసింది.

"మరి నీ క్లాసులో వినపడని పిల్లాడుంటే మొదటి రోజు ఏం చేస్తావ్?"

కొంచెంసేపు ఆలోచించింది. "అది బిట్టుగా రాదక్కా" అంది. తర్వాత తనే, "తమ్ముణ్ణి అడగనా?" అంది.

అడిగింది. వాడు తెల్లకాయితం తీసుకుని క్లాసురూము ప్లాను గీసిచ్చాడు. సివిల్ వాడు కదా, స్కేలుతో సహా. ఫ్యాను ఎక్కడ, కిటికీ ఎక్కడ, టీచరు ఎక్కడ నిలబడితే వెలుగు మొహం మీద పడుతుందో బాణాలు వేశాడు. కిటికీకి వీపు పెట్టి నిలబడితే మొహం నల్లగా కనపడి పెదాలు తెలియవట. ఇన్నేళ్ళు వాడితో ఉండి నాకూ ఆ సంగతి తెలియదు. ఆ అమ్మాయి ఆ కాయితాన్ని మడిచి తన నోట్సులో పెట్టుకుంది.

తమ్ముడికి ఇప్పుడు ఇరవై ఏడు. బందర్లో ఒక ఇంజినీరు దగ్గర ఇళ్ళ ప్లాన్లు గీస్తాడు. పొద్దున్నే గంటసేపు ఇంగ్లిషు చదువుతున్నాడు, సబ్‌టైటిల్స్ పెట్టుకుని సినిమాలు చూస్తున్నాడు. రాసిన పేరాలు నాకు పంపిస్తాడు. నేను దిద్ది పంపిస్తాను, తప్పుకి తప్పు.

పోయిన నెల కోడూరు నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. వాళ్ళ పాపకీ చెవి మిషనే, తొమ్మిదో తరగతి. "భాషలు వద్దని రాసిస్తే పాసవుతుందంటున్నారమ్మా. ఏం చెయ్యమంటావ్?" అన్నారు. నాకు తెలిసినంతలో మూడు ప్రశ్నలు చెప్పాను. ఇది రాసిస్తే పదేళ్ళ తర్వాత ఏ ఏ చదువులకి, ఉద్యోగాలకి ఇబ్బందవుతుందో బడివాళ్ళని అడగండి. ఇంగ్లిషు తీసెయ్యకుండా, ఇంగ్లిషు అందేలా ఏమేం చేసి చూశారో అడగండి. అన్నిటికన్నా ముందు పాపని అడగండి, ఆమె ఎదురుగా కూర్చుని, వెలుగులో, నెమ్మదిగా.

రెండ్రోజుల తర్వాత ఆవిడే మళ్ళీ చేశారు. హిందీ వద్దందట. ఇంగ్లిషు మాత్రం రాస్తానందట, పోయినా ఫర్వాలేదందట. "పోతే ఎలాగమ్మా?" అని ఆవిడకి భయం.

"పోతే మళ్ళీ రాస్తుంది అత్తయ్యగారూ, అందరి పిల్లల్లాగే" అన్నాను.

ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగారు: "గుడివాడలో మీ మాస్టారు ఇంకా ట్యూషన్ చెప్తున్నారా?"